లిఫ్టు రావడమే తరువాయి

పోయిన వారం లిఫ్టులో ఇరుక్కుపోయాను. ఆఫీసు పని మీద కొత్తగా కట్టిన ఓ పెద్ద మేడకి వెళ్ళాను. లిఫ్టెక్కాను, తలుపులు మూసుకున్నాయి, కరెంటు పోయింది. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, కరెంటు పోవడం వార్త కాదు, ఉంటేనే వార్త. కానీ చీకటి పెట్టెలో ముక్కూ మొహం తెలియని జనం మధ్య నిలబడ్డప్పుడు ఆ సంగతి గుర్తు రాదు. ఒకాయన మీటలన్నీ వరసగా నొక్కుతున్నాడు. ఒకావిడ కళ్ళు మూసుకుని బుద్ధుడి మంత్రం అందుకుంది. నేనైతే నాకు తెలియకుండానే గొంతు చించుకుని "ఆబే...స్!" అని ఓ కేక పెట్టాను. మంత్రం ఆగిపోయింది. మీటలాయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది చూడండీ, ఆపుకుందామంటే ఆగదే! పక్కనున్నావిడ నాకు దూరంగా జరగాలని చూసింది. పాపం, జరగడానికి చోటెక్కడుంది?

ఆ కేక నాది కాదు. మా మేడలో ఏడో అంతస్తు మావయ్యది. ఆయన పోయి ఏడాది దాటింది.

మావయ్య అంటే నాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నాల వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చిన వాళ్ళ మునిమనవలం మేమంతా. ఆ లెక్కన ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం ఒకరికొకరం ఏదో ఒకటి అవుతాం. ఏదీ తేలకపోతే అత్తా మావా అవుతాం. మేడలోని బర్మా వాళ్ళు మాత్రం ఆయన్ని 'ఊ లిఫ్ట్' అనేవారు. పెద్ద వయసు మగవాళ్ళ పేరు ముందు 'ఊ', ఆడవాళ్ళ పేరు ముందు 'మా' చేర్చడం ఇక్కడి మర్యాద. ఒక్క పిలుపులో మర్యాదా చేశారు, వేళాకోళమూ ఆడారు. ఆయన చెవికి మర్యాదే వినపడేది.

ఇంతకీ మా మేడకి లిఫ్టు లేదు. కట్టిన నాడూ లేదు, నేడూ లేదు. ఇలాంటి పాత మేడల్లో కింది అంతస్తు ధర వింటే కళ్ళు తిరుగుతాయి, పైకి పోయేకొద్దీ చవక. మావయ్య రేవులో వించి నడిపేవాడు, అంటే ఓడల్లోంచి బరువులు ఎత్తి దించే యంత్రం. రెండో అంతస్తు కొనుక్కోగల స్తోమత ఉండి కూడా వెళ్ళి వెళ్ళి ఏడోది కొన్నాడు. ఎందుకు మావయ్యా అంటే అమెరికా చరిత్ర ఎత్తుకునేవాడు.

"అమెరికాలో సికాగో అని ఊరుంది గదా. పెపంచకం మొత్తానికి మొట్టమొదటి ఆకాశమేడ అక్కడే కట్టినారు. అంతకుముందు అక్కడా మనకిలాగే, పై అంతస్తంటే లేనోడి కొంప. లిఫ్టొచ్చినాది. అంతే! పైనున్నోడు దొరైపోనాడు. మరి మనమో? ముందే కొనేసి కూకున్నాం. లిఫ్టు రావడమే తరువాయి!"

ఈ చరిత్ర ఆయనకి చెప్పింది, బియ్యం ఎక్కించుకోవడానికి రేవుకొచ్చిన ఓ ఓడలోని చికాగో ఇంజనీరు. సగం ఇంగ్లీషు, సగం సైగలు. పోతూ పోతూ ఆ మేడ బొమ్మ కూడా ఒకటి ఇచ్చిపోయాడు. మావయ్య దానికి చట్రం కట్టించి అమ్మవారి పటం పక్కన తగిలించాడు. మా అత్త పటాలకి బొట్లు పెట్టేటప్పుడు దానికీ పెట్టేసేది. ఇదేమిటత్తా అంటే, "పటమన్నాక బొట్టెట్టాల, ఎవుల్దైతే ఏటి?" అనేది. ఏళ్ళ తరబడి పెట్టగా పెట్టగా ఆ మేడ కింది రెండంతస్తులూ కుంకంలో మునిగిపోయాయి.

మావయ్య ఈ చరిత్రని ఏనాడూ ఒకచోట కూర్చుని మొత్తం చెప్పలేదు. మెట్ల మీద చెప్పాడు. పొద్దున్నే బజారు చేసుకుని రెండు సంచులతో పైకొస్తూ ప్రతి అంతస్తులోనూ ఊపిరి కోసం ఆగాలి. ఊపిరి కోసం ఆగానంటే నామోషీ. అందుకని ఎవరి తలుపు తీసి ఉంటే వాళ్ళతో మాట్లాడ్డానికి ఆగినట్టు ఆగి, అక్కడ చెప్పాల్సిన ముక్క చెప్పి, ఊపిరి అందగానే కథ మధ్యలో వదిలేసి పైకెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ అక్కడే, ఆ ముక్కే.

మొదటి అంతస్తు వాళ్ళకి దక్కింది అగ్నిప్రమాదం. చికాగో ఊరంతా కొయ్య ఇళ్ళట, అంటుకుని కాలిపోయిందట, ఆ బూడిద మీంచే పొడుగు మేడలు లేచాయట. రెండో అంతస్తులో బట్టలు కుట్టే మా ఖిన్‌కి దక్కింది పంజరం. ఆ మేడ కట్టిన ఇంజనీరు ఓ రోజు పెందరాళే ఇంటికొచ్చాడట. పెళ్ళాం గాభరాపడి, చదువుతున్న లావుపాటి పుస్తకాన్ని పిట్టల పంజరం మీద పెట్టేసి ఎదురొచ్చిందట. సన్నటి తీగలు అంత బరువునీ మోశాయట. ఓహో, గోడలు మోయక్కర్లేదు, ఇనప చట్రమే మేడనంతా మోస్తుందని ఆయనకి అక్కడే తట్టిందట. నిజమో అబద్ధమో ఆ చికాగో వాళ్ళకే తెలియాలి. మా ఖిన్ మాత్రం రోజూ ఒకటే అడిగేది, పిట్టకేమీ కాలేదు కదా అని. మావయ్య ఒకరోజు బతికిందనేవాడు, ఒకరోజు ఎగిరిపోయిందనేవాడు. ఆఖర్న మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "సూసినావా, పెళ్ళాం గాబరా పడింది గాబట్టి ఆడు కనిపెట్టినాడు. మా ఇంటిది నానొత్తే కూకున్న సోటు నుంచి కదల్దు. నానేటి కనిపెడతాను!"

మూడో అంతస్తు తాతకి బొత్తిగా చెవుడు. ఆయనంత శ్రద్ధగా విన్నవాళ్ళు మేడలో లేరు. ఆయన వాటా, తాడు నరకడం. ఒకడు నిండు సభలో లిఫ్టు పలక మీదెక్కి నిలబడి తాడు నరకమన్నాడట, నరికారట, పలక కిందపడకుండా గాల్లో ఆగిందట. అది వేరే ఊళ్ళో, అంతకు చాలా ముందే జరిగిందని నాకు తరవాత తెలిసింది. మావయ్య చరిత్రలో అన్నీ ఆ ఒక్క మేడలోనే జరిగేవి.

నాలుగో అంతస్తు నాది. సరిగ్గా నేను బస్సుకి పరిగెత్తే వేళకి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడేవాడు.

"సగం మేడ లేసినాక ఆపీసర్లొచ్చి, ఆపండి పని, ఇంత పల్సటి గోడలతో నిలబడతాదా ఇది, అన్నారు..."

"తెలుసు మావయ్యా. పరీక్ష చేశారు, నిలబడుతుందన్నారు, ఆ తరవాత పైన ఇంకో రెండంతస్తులు కూడా వేశారు. నా బస్సు పోతోంది!"

"బస్సు మల్లీ వత్తాది. సరిత్ర వత్తాదేటి?"

రోజూ వస్తూనే ఉందిగా చరిత్ర, బస్సే రావడం లేదు! ఆయన ధర్మమా అని ఆఫీసులో ఎన్ని చీవాట్లు తిన్నానో. ఐదో అంతస్తుకి చేరేసరికి ఆయన దగ్గర కథ చెప్పే ఊపిరి మిగిలేది కాదు. చెయ్యెత్తి నవ్వేవాడంతే. ఆరోది ఎప్పుడూ తాళం వేసిన ఇల్లు. అక్కడ తలుపుకి చేరగిలబడి కాసేపు నిలబడేవాడు.

చిన్న చిన్న సరుకులకి తాడుండేది. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఓ తాడు వేలాడుతుంది, కొసకి ఓ సంచో పెద్ద క్లిప్పో, పైన ఓ గంట. కింద పేపరువాడు తగిలించి లాగితే పైన గంట మోగుతుంది. మా వీధి మొత్తం మీద పొడుగు తాడు మావయ్య వాళ్ళదే. అత్త తెప్పించుకున్న మొహింగా, అదే చేపల పులుసు పోసిన సేమ్యా, పైకి చేరేలోపు చల్లారిపోయేది. ఆ సంచీ నా బాల్కనీ ముందు నుంచి పోతుంటే ఓ కరివేపాకు రెబ్బో, రెండు పచ్చిమిరపకాయలో తీసుకునేదాన్ని. నా గుమ్మంలో చరిత్ర వింటున్నందుకు ఆ మాత్రం సుంకం న్యాయమే అనుకున్నాను. ఎవరికీ తెలియదనీ అనుకున్నాను.

లిఫ్టు కోసం మావయ్య పెట్టించిన మీటింగు కూడా చెప్పాలి. కింద టీ కొట్టు ఊ సాన్‌ది, మీటింగు ఆయన బల్లల దగ్గరే. లిఫ్టుకి అందరూ తలో చెయ్యి వెయ్యాలనేసరికి ఊ సాన్ గ్లాసులు కడుగుతూ, "నా కొట్టు నేల మీదుంది. నేను లిఫ్టెక్కి ఎక్కడికెళ్ళాలి?" అన్నాడు.

"పైనోళ్ళు దిగితేనే గదా నీకు బేరం?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడు నువ్వు పైకెక్కే ముందు ధైర్యానికో టీ తాగుతున్నావు. లిఫ్టొస్తే తిన్నగా వెళ్ళిపోతావు. నాకే నష్టం!"

ఊ సాన్ అన్నది నిజమే. మావయ్య ఇంకో టీ తెప్పించుకున్నాడు. మొదటి అంతస్తు వాళ్ళు ఆలోచిస్తామన్నారు. ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

ఇవన్నీ నవ్వులాటే గానీ, నలిగిపోయింది అత్త మోకాళ్ళు. ఇల్లు కొన్న కొత్తలో, ఎన్నాళ్ళు ఎక్కాలి ఈ మెట్లు అంటే, మహా అయితే ఏడాది అని మాటిచ్చాడట. అప్పటికి ఇద్దరికీ జుట్టు నల్లగా ఉంది. చివరికి వచ్చేసరికి అత్త కిందికి దిగడమే మానేసింది. కూలబడుతూ లేస్తూ దిగగలదేమో గానీ మళ్ళీ ఎక్కలేదు. సంత, గుడి, పేరంటం అన్నీ బాల్కనీలోంచే. ఓ వేసవిలో ఆవిడ, "ఈ యేడు అమ్మోరి ఊరేగింపు సూడాలనుంది" అందట. నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అమ్మవారేమో మా వీధిలోకి రాదు, రెండు వీధుల అవతల నుంచి వెళ్ళిపోతుంది.

మర్నాడు పొద్దున్న మావయ్య నా గుమ్మం దగ్గర ఆగలేదు. తల వంచుకుని పైకెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు బస్సు దొరికింది. రోజంతా ఏమీ తోచలేదు.

ఊరేగింపు ఉన్న ఆదివారం నాటికి నది అవతలి దలా నుంచి ఫెర్రీలో నలుగురు పాత రేవు మనుషులు దిగారు. వాళ్ళతో ఓ పెద్ద కప్పీ, మోకులు, సరుకులెత్తే వల. మేడ వెనక సందులో కరెంటు తీగలుండవు. ఏడో అంతస్తు వెనక బాల్కనీకి కప్పీ బిగించారు. వలలో పేము కుర్చీ కట్టారు. ముందు బియ్యం బస్తాని దించారు, ఎత్తారు. రేవులో 'ఆబేస్' అంటే ఎత్తు, 'ఆరియా' అంటే దించు. అవి ఏ దేశపు మాటలో ఆ నలుగురికీ తెలియదు. మావయ్యకి మూడో అంతస్తు ముక్క గుర్తొచ్చి, తాడు నరికి చూపిస్తే అందరికీ నమ్మకం కుదురుతుందన్నాడు.

"నరుకు. కుర్సీలో మాత్రం నువ్వు కూకో" అంది అత్త.

మావయ్య మొహం పాలిపోయింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆకాశమేడల చరిత్రకారుడికి ఎత్తంటే భయం! ఏడో అంతస్తులో కాపురం ఉంటూ ఏనాడూ బాల్కనీలోంచి కిందికి తొంగి చూడలేదట. "నాను వించి కాడ కిందే కూకునేవోణ్ణి. పైకెల్లింది సరుకు!" అన్నాడు. దలా మనుషులు మోకులు వదిలేసి నవ్వారు. ఆఖరికి నరకడం మానేసి, జాగ్రత్తకి ఇంకో మోకు కట్టారు.

నేను సందు వైపున్న వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గరే కాపలా ఉన్నాను. పైనుంచి మావయ్య కేక, "ఆరి...యా! ఆరి...యా!" కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకి వీపు ఆనించి అరుస్తున్నాడని తరవాత చెప్పారు. ముందు పాదాలు కనిపించాయి, తరవాత పట్టుచీర కుచ్చిళ్ళు, ఆ తరవాత ఒళ్ళో సంచీ పెట్టుకుని తీరిగ్గా కూర్చున్న మా అత్త. సరిగ్గా నా కిటికీ ముందుకి వచ్చాక చెయ్యెత్తింది.

"ఆగండ్రా!"

కుర్చీ ఆగింది. పైనుంచి మావయ్య, "ఏటైనాది? ఒలే, ఏటైనాది?" అని గోల.

అత్త ఆ గోలేమీ పట్టించుకోలేదు. నా వంటింట్లోకి ఓసారి పరికించి చూసి, "ఏటమ్మీ, డబ్బాలు మార్సినావా?" అంది.

"అత్తా, ముందు నువ్వు కిందికి దిగు తల్లీ, నా గుండె ఆగిపోయేలా ఉంది!"

"దిగుతాన్లే. ఎన్నాళ్ళకి ఒకలింటికొచ్చినాను! పప్పు మాడిపోతంది సూసుకో." వెనక్కి తిరిగితే నిజంగానే మాడుతోంది. దించేసి వచ్చేసరికి సంచీలోంచి కరివేపాకు కట్ట ఒకటి తీసి కిటికీ ఊచల్లోంచి నా చేతిలో పెట్టింది. "ఇందా, నీ సుంకం. మల్లీ మల్లీ దొంగతనమెందుకు?" నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం, "ఊఁ, దింపండి" అని దలా మనుషులకి చెప్పి చక్కా దిగిపోయింది.

అమ్మవారిని కళ్ళారా చూసింది. రిక్షాలో తిరిగొచ్చేసరికి మునిమాపు వేళ, పేట పేటంతా కరెంటు లేదు. సందులో ఊ సాన్ కొవ్వొత్తి పట్టుకుంటే, నలుగురూ మోకు లాగితే, మావయ్య "ఆబే...స్! ఆబే...స్!" అని మేడ దద్దరిల్లేలా అరిస్తే, అత్త చీకట్లోకి పైకెళ్ళిపోయింది. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆగిపోయాయి, మనదే నడిచిందని మావయ్య వారం రోజులు ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. చెప్పడమంటే మామూలు చెప్పడమా!

ఆ వారం తిరక్కుండానే వార్డు ఆఫీసు నుంచి కబురొచ్చింది, మనుషుల్ని అలా మోకులకి కట్టి దించకూడదని. ఆయన బాధపడతాడేమోనని ఓదార్చడానికి నేనే పైకెళ్ళబోతే మెట్ల మీదే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సూసినావా! అక్కడా ఇంతే. ఆపీసర్లొచ్చి ఆపండి అన్నారు. తరవాత నిలబడతాదన్నారా లేదా? ఇంకో రెండంతస్తులు ఏసుకోమన్నారా లేదా?"

తరవాతేం జరుగుతుందో చూడ్డానికి ఆయన ఆగలేదు. ఆ వానాకాలమే నిద్రలో వెళ్ళిపోయాడు. మోసేవాళ్ళు మా ఇరుకు మెట్ల మీద ప్రతి అంతస్తులోనూ ఆగారు. వాళ్ళకీ ఊపిరి కావాలి కదా. నా గుమ్మం ముందు కూడా ఆగారు. అన్నాళ్ళూ విసుక్కున్నానా, ఆ రోజు ఎవరైనా ఆ ముక్క ఒక్కసారి చెబితే బావుణ్ణని గుమ్మం పట్టుకుని ఏడ్చాను.

మొన్నటి వానల్లో సంవత్సరీకం పెట్టారు. అత్త తాడు సంచీలో తమలపాకులూ వక్కలూ పెట్టి ప్రతి బాల్కనీకీ దింపి అందర్నీ పిలిచింది. ఊ సాన్‌కి కూడా దింపింది. ఆయన జన్మలో పైకెక్కిన మనిషి కాదు. మావయ్య పోయినప్పుడు కూడా కిందే నిలబడి దణ్ణం పెట్టాడు. ఆ రోజు మాత్రం లుంగీ ఎగ్గట్టి ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి అంతస్తులో ఆయాసపడి ఆగితే వాళ్ళు తోడొచ్చారు. ఊరికే నిలబడలేక అగ్నిప్రమాదం సంగతి చెప్పారు. రెండో అంతస్తులో మా ఖిన్ పంజరం చెప్పింది. మూడో అంతస్తు తాత మాటల్లేకుండా చేత్తో తాడు నరికి చూపించి, పడలేదు అన్నట్టు అరచెయ్యి గాల్లో నిలిపాడు. నాలుగో అంతస్తులో నేను కలిశాను. ఎక్కుతూ ఎక్కుతూ మాకందరికీ అర్థమైందేమిటంటే, ఇన్నాళ్ళూ ఒక్కొక్కళ్ళం కథంతా మాకే తెలుసనుకున్నాం. ఏడో అంతస్తు చేరేసరికి తలో ముక్కా కలిసి కథలో మేడ మొత్తం కట్టడం అయింది, చివర మాత్రం ఎవరి దగ్గరా లేదు.

గారెలు వడ్డిస్తుంటే నేనే అడిగాను. "ఆ మేడ తరవాత ఏమైందత్తా?"

"ఏటవుతాది? పడగొట్టేసినారు."

నేను బర్మా వాళ్ళకి ఆ మాట వాళ్ళ భాషలో చెప్పాను, ఆ తరవాతి మాటలూ చెబుతూ వచ్చాను. ఊ సాన్ గారె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇంకా పొడుగు మేడ కట్టాలని పడగొట్టేసినారంట. ఈయన పుట్టకముందే. మేం ఈ ఇల్లు కొన్నాక ఆ ఓడ మల్లీ వచ్చినాది. ఆ ఇంజినీరే సెప్పినాడంట. ఆ రేత్రి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మోసపోనామే, లేని మేడని సూసి కొనేసినాం, లిఫ్టూ రాదు ఏటీ రాదు, అని ఒకటే ఏడుపు. మేడ పోతే పోనాది, లిఫ్టు మాట అబద్దం కాదు గదా, నేడు కాపోతే రేపొత్తాది, లెగిసి తిను, అన్నాను. తిన్నాడు. పొద్దున్నే మల్లీ మీ గుమ్మాల కాడ మొదలెట్టినాడు."

"నీకు నమ్మకం ఉండేదా అత్తా, వస్తుందని?"

"నాకెందుకుంటాది? రాదని కొన్న నాడే తెల్సు. ఆయన అన్నం తినాల గదా."

మా ఖిన్ కళ్ళు తుడుచుకుంది. ఊ సాన్ లేచి చెయ్యి కడుక్కోవడానికి వెనక బాల్కనీలోకి వెళ్ళి ఎంతకీ రాడు. వెళ్ళి చూస్తే కప్పీ కేసి తల పైకెత్తి నిలబడ్డాడు. అది ఇంకా అక్కడే బిగించి ఉంది. మావయ్య విప్పనివ్వలేదట, అత్తా విప్పించలేదు.

"మోకులున్నాయా?" అన్నాడు ఊ సాన్.

"అటక మీదున్నాయి" అంది అత్త. "ఏడాది మైల కూడా తీరిపోనాది. వచ్చే అమ్మోరి పండక్కి..." అని మా వంక చూసింది.

"మోకు నేను పట్టుకుంటాను" అన్నాడు ఊ సాన్.

"వార్డు ఆఫీసాయన ఒప్పుకుంటాడా?" అన్నాను నేను.

"ఆయన పొద్దునా సాయంత్రం నా కొట్లోనే టీ తాగుతాడు. ఈసారి తీసుకొచ్చి ఏడంతస్తులూ ఎక్కిస్తాను. ఎక్కాక ఒప్పుకోక చస్తాడా?" అన్నాడు ఊ సాన్, ఇంకా రొప్పుతూనే. తాత అందరి మొహాలూ చూసి ఏదో మంచి సంగతేనని తలూపాడు.

మరి ఆరియా అనేదెవరు? అందరూ తిరిగి నా వంక చూశారు. నాకంత గొంతు లేదు బాబోయ్ అన్నాను.

"సాల్లే" అంది అత్త. "ఈ మేడలో నోరున్నదానివి నువ్వే గదా."

ఊ సాన్ అన్నంత పనీ చేశాడు. వార్డు ఆఫీసాయన ఏడో అంతస్తు చేరి, మంచినీళ్ళు తాగి, అత్త మోకాళ్ళ వంక ఓసారి చూసి, పండగ ఒక్కరోజుకి సరేనన్నాడు. పండగ వచ్చే నెల. రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర నిలబడి గొంతెత్తి సాధన చేస్తున్నాను. బస్సు తప్పిపోతోంది. పప్పు మాడిపోతోంది.